కడుపు పూర్తిగా తీసేశాక ఆకలి లేదు, బరువు తగ్గుతూనే ఉంది. హార్మోన్ల వల్లేనా?

ప్రశ్న:
మా నాన్నగారికి క్యాన్సర్ వల్ల కడుపు మొత్తం తీసేసి నాలుగు నెలలైంది. అప్పుడు 68 కిలోలు, ఇప్పుడు 57. ఆకలన్న మాటే లేదు, నాలుగు ముద్దలకే చాలంటారు. తిన్న రెండు గంటలకు చెమటలు, వణుకు. ఆకలి పుట్టించే హార్మోన్ కడుపులోనే తయారవుతుందట కదా, ఇక ఆకలి రాదా?

జవాబు:
ఆ హార్మోన్ గ్రెలిన్. 1999లో జపాన్ పరిశోధకులు కనుగొన్నారు. ఎక్కువ భాగం కడుపు పైభాగంలోనే తయారవుతుంది, అది పోతే రక్తంలో బాగా పడిపోతుంది. పేగులు కొంత తయారుచేసినా ఆ లోటు పూడదు.

అయితే నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. కడుపు ఉన్నప్పుడు ఆహారం కొద్దికొద్దిగా కిందికి దిగేది. ఇప్పుడు నేరుగా చిన్నపేగులో పడి, త్వరగా దాని చివరి భాగానికి చేరుతోంది. అక్కడి కణాలు జీఎల్‌పీ-1, పీవైవై హార్మోన్లను మామూలు కన్నా ఎన్నో రెట్లు వదులుతాయి. రెండూ మెదడుకు ‘చాలు’ అని చెప్పేవే. బరువు తగ్గడానికి ఇచ్చే ఇంజెక్షన్లు అనుకరించేది ఈ జీఎల్‌పీ-1నే. కాబట్టి ఆయన మొండికేయడం లేదు, దయచేసి బలవంతం చేయకండి. ఒకేసారి ఎక్కువ పెడితే ఈ హార్మోన్లు ఇంకా పెరుగుతాయి.

ఆకలి కోసం చూడకుండా గడియారం చూసి పెట్టండి: రెండు మూడు గంటలకోసారి, రోజుకు 6-8 సార్లు. ముందు ప్రొటీన్, తర్వాత మిగతావి. ప్రొటీన్ కిలో బరువుకు 1.2-1.5 గ్రాములు, అంటే ఆయనకు రోజుకు 70-85 గ్రాములు. నీళ్లు తిండికి అరగంట ముందో, అరగంట తర్వాతో.

మరో జవాబు:
రెండు గంటలకు వణుకు అంటే ఆలస్యంగా వచ్చే డంపింగ్‌లా (ఆహారం మరీ త్వరగా పేగులో పడటం వల్ల వచ్చే ఇబ్బంది) ఉంది. పిండిపదార్థం ఒక్కసారిగా రక్తంలోకి చేరుతుంది, పైగా జీఎల్‌పీ-1 కూడా తోడై ఇన్సులిన్ అతిగా విడుదలవుతుంది, దాంతో షుగర్ పడిపోతుంది. వణుకు వచ్చినప్పుడే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, పావుగంటకు మళ్లీ చూసి, తర్వాత కొంచెం ప్రొటీన్ తినిపించండి. తీపి పానీయాలు ఆపేయాలి. బలానికని ఇచ్చే పొడి పానీయాలూ ఇలాగే చేస్తాయి, అరగంట పాటు గుక్కగుక్కగా తాగించండి.

తిండి మార్చినా తగ్గకపోతే డాక్టర్లు పిండిపదార్థం, పంచదార అరుగుదలను నెమ్మదింపజేసే అకార్బోస్, అదీ చాలకపోతే ఈ హార్మోన్ల విడుదలను తగ్గించే ఆక్ట్రియోటైడ్ రాస్తారు. అకార్బోస్ వాడేటప్పుడు షుగర్ పడిపోతే పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజే ఇవ్వాలి. ఆయన మధుమేహం మందులేమైనా వాడుతుంటే మోతాదు గురించి ఇవాళే అడగండి.

ఇంకో జవాబు:
అంతా హార్మోన్ల మీదకే నెట్టేస్తే సరిచేయగలిగినవి తప్పిపోతాయి. మలం జిడ్డుగా, నీళ్లపై తేలుతూ, దుర్వాసనతో ఉందా? ఆహారం, క్లోమరసం సమయానికి కలవకపోతే కొవ్వు అరగదు. అప్పుడు క్లోమ ఎంజైములు వాడతారు. వాటిని భోజనానికి ముందో వెనకో కాదు, తింటూ ఉండగానే వేయాలి. క్యాప్సూల్‌లోని చిన్న గింజల్ని నమలకూడదు. ఉబ్బరం, విరేచనాలు ఉంటే పేగులో బ్యాక్టీరియా పెరిగిందేమో చూడాలి. ముద్ద గొంతు దిగాక ఛాతీలో అడ్డుపడుతుంటే కుట్టిన చోట ఇరుకై ఉండొచ్చు, అలా అయితే ఎండోస్కోపీతో వెడల్పు చేస్తారు.

బి12 ఇంజెక్షన్ మొదలైందా? కడుపు లేకపోతే అది ఆహారం నుంచి దాదాపు ఒంటబట్టదు, జీవితాంతం కావాలి. కాలేయంలో నిల్వ ఉంటుంది గనుక లోపం ఆలస్యంగా బయటపడుతుంది, ఈలోగా నరాలు దెబ్బతినవచ్చు. ఐరన్, విటమిన్ డి కూడా చూపించండి. కాల్షియం సిట్రేట్ రూపంలో అయితే ఆమ్లం లేకపోయినా ఒంటబడుతుంది.

సాధారణంగా మొదటి 3-6 నెలల్లో బరువు వేగంగా తగ్గి, ఏడాదికల్లా నిలకడకు వస్తుంది. పాత బరువుకు చేరుకునేవారు తక్కువే. ఆయన ఇప్పటికే 16 శాతం తగ్గారు, ఇంకా తగ్గుతున్నారు కాబట్టి తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. కీమో నడుస్తుంటే మరీ తొందర. నోటితో సరిపడా వెళ్లకపోతే చిన్నపేగులోకి ట్యూబ్ పెట్టి రాత్రిపూట ఆహారం ఇవ్వొచ్చు.

అడిగినవారు:
గ్రెలిన్‌నే మందుగా ఇవ్వరా?

జవాబు:
గ్రెలిన్‌లా పనిచేసే అనమోరెలిన్ అనే మాత్రకు జపాన్ 2021లో అనుమతిచ్చింది, క్యాన్సర్ వల్ల చిక్కిపోయేవారి కోసం. జీర్ణాశయ క్యాన్సర్ కూడా ఆ జాబితాలో ఉంది. గుండె లయను దెబ్బతీయవచ్చు, షుగర్ పెంచవచ్చు, అందుకే ఈసీజీ చూస్తూ ఇస్తారు. ముందు డంపింగ్, కొవ్వు అరగకపోవడం సరిచేయించండి. తిన్నది ఒంటబట్టకుండా ఆకలి ఒక్కటే పెరిగితే బరువు రాదు.