బీపీ మందు మొదలుపెట్టే అధికారం విలేజ్ క్లినిక్ నర్సుకు ఇవ్వొచ్చా?

పద్మనాభం_పబ్లిక్‌హెల్త్:
చర్చ దారి తప్పకుండా ముందే హద్దు గీస్తున్నా. ఐసీయూ నర్సుల మాట వద్దు. ఆనందపురం, పద్మనాభం, భీమిలి మండలాల్లాంటి చోట విలేజ్ క్లినిక్‌లో కూర్చునే ఎంఎల్‌హెచ్‌పీల (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ల) గురించే. బీఎస్సీ నర్సింగ్ చదివి, పైన కమ్యూనిటీ హెల్త్ శిక్షణ పొందినవాళ్లు. డాక్టరు ఒకసారి రాసిన బీపీ, షుగర్ మాత్రలు నెలనెలా ఇస్తారు. కొత్తగా 160/100 కనబడితే మాత్రం ఈ-సంజీవనిలో (ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సలహా సేవ) డాక్టరును కలపాలి, లేదా పీహెచ్‌సీకి పంపాలి. సిగ్నల్ ఉండదు, లేదా అవతల డాక్టరు దొరకరు. పీహెచ్‌సీకి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది, అందుకే వెళ్లరు. నేను అడిగేది చిన్నది: బీపీ తగ్గించే అమ్లోడిపిన్ 5 మి.గ్రా. మొదలుపెట్టే అధికారం వాళ్లకు రాతపూర్వకంగా ఇవ్వాలి.

మహారాణిపేట_జనరల్‌మెడిసిన్:
ఒప్పుకోను. ముందు ఆ 160/100 ఎలా వచ్చిందో చూద్దాం. మనిషి ఎండలో నడిచొచ్చి కూర్చుంటాడు. జాకెట్టు చేతి మీదో చొక్కా మీదో కఫ్ కట్టేస్తారు. చెయ్యి కిందికి వేలాడుతుంటుంది, పక్కన ఆశా వర్కరు ఆధార్ నంబరు అడుగుతుంటుంది. వీటిలో ప్రతిదీ అంకెను పైకే తోస్తుంది. లావు చేతికి చిన్న కఫ్ కడితే ఇంకా ఎక్కువ చూపిస్తుంది. అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టాలి. వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూసి సగటు వెయ్యాలి. 180/110 దాటితే తప్ప ఇంకో రోజు మళ్లీ చూడాలి. ఇదంతా చెయ్యకుండా మొదలైన మాత్ర జీవితాంతం నడుస్తుంది. ఎవరూ ఆపరు.

రెండోది. అమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి, రెండు కాళ్లూ, సాయంత్రానికి ఎక్కువ. ఆయాసం ఉండదు. మందు వల్ల వచ్చిన వాపని పోల్చుకోలేనివారు లాసిక్స్ (ఒంట్లో నీరు మూత్రంగా పోయేలా చేసే మందు) కలుపుతారు. ఆ వాపు లాసిక్స్‌కు పెద్దగా తగ్గదు గానీ ఒంట్లో పొటాషియం తగ్గుతుంది, పెద్దవాళ్లు నీరసించి పడిపోతారు. అప్పుడు నీరసానికి సెలైన్. ఒక మాత్రతో మొదలై నాలుగు మందులవుతాయి.

పెందుర్తి_నర్సింగ్‌ట్యూటర్:
డాక్టరు గారూ, మీ కఫ్ పాఠం అక్షరాలా నిజం. కానీ సిటీలో పెద్ద ఆస్పత్రుల ఓపీల్లో కూడా బీపీ చూసేది సిస్టరే కదండీ? ఆమె కాగితం మీద వేసిన అంకె చూసే మీరు మందు రాస్తారు. కొలత ఒకరిదే అయినప్పుడు సంతకం మారితే అంకె మెరుగుపడదు.

ఇంకో మాట. కాన్పుకు వచ్చిన మనిషికి ఫిట్స్ వస్తే రెఫర్ చేసేముందు మొదటి డోసు మాగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్) ఏఎన్‌ఎం ఇవ్వొచ్చని ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది. 50 శాతం ద్రావణం, ఒక్కో పిరుదులో లోతుగా 5 గ్రాములు, అంటే ఒక్కో వైపు 10 మి.లీ. రెండు మి.లీ. ఆంపూల్స్ పది పగలగొట్టాలి. మోతాదు మించితే మోకాలి రిఫ్లెక్స్ పోతుంది, ఆ తర్వాత ఊపిరి మందగిస్తుంది. అలాంటి మందు ఏఎన్‌ఎం చేతికిచ్చి, అమ్లోడిపిన్ దగ్గరకొచ్చేసరికి బీఎస్సీ నర్సును నమ్మలేం అంటే ఎలా?

మహారాణిపేట_జనరల్‌మెడిసిన్:
మేడమ్, మాగ్‌సల్ఫ్ ఒక్క డోసు, వెంటనే 108 ఎక్కిస్తారు. దాని తర్వాత జరిగేది పెద్దాస్పత్రిలో డాక్టర్ల కళ్లముందే జరుగుతుంది. బీపీ మాత్ర తర్వాత జరిగేది ఎవరు చూస్తారు? నా భయమంతా అక్కడే.

పాడేరు_ఫీల్డ్:
ఏజెన్సీ సంగతి చెప్తా. మలేరియాకు ఆశాలే ఆర్‌డీటీ (అక్కడికక్కడే కిట్టుతో చేసే పరీక్ష) చేసి, ఫాల్సిపారమ్ రకం వస్తే వయసును బట్టి రంగు వేసిన ఏసీటీ మాత్రల పట్టీ ఇస్తారు. ఏడాది లోపు గులాబీ, ఆ పైన పసుపు, ఆకుపచ్చ, ఎరుపు, పదిహేనేళ్లు దాటితే తెలుపు. తూకం, లెక్క అక్కర్లేదు. ఇది ఎందుకు నిలబడిందంటే కిట్టు మీద గీత ఉంటుంది లేదా ఉండదు. వైవాక్స్ రకానికి ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు వెయ్యాలి, పద్ధతి విఫలమయ్యేది అక్కడే. జ్వరం తగ్గగానే మానేస్తారు, కొన్ని వారాలకో నెలలకో మళ్లీ జ్వరం. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. కాబట్టి మందు ఇచ్చే చెయ్యి కంటే, వెనక్కి పిలిచి చూసే పద్ధతి ముఖ్యం. డాక్టరు గారి ప్రశ్న న్యాయమైనదే.

డాబాగార్డెన్స్_ఫార్మసిస్టు:
చట్టం మాట ఎవరూ ఎత్తలేదు. అమ్లోడిపిన్ మందుల చట్టం నిబంధనల్లో షెడ్యూల్ హెచ్ జాబితాలోది. షాపులో ఇవ్వాలంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీ కావాలి. ప్రభుత్వ కార్యక్రమం కింద ఆరోగ్య సిబ్బంది మందులు పంచడానికి షెడ్యూల్ కె మినహాయింపు ఉంది గానీ, అది అమ్మకపు లైసెన్సు నుంచి మాత్రమే. నర్సు రాసిన చీటీకి మా కౌంటరు మీద విలువ లేదు. క్లినిక్‌లో స్టాకు అయిపోయిన నెల ఆ పేషెంటు గతేంటి? (చీటీ లేకుండానే అమ్మేస్తారు, అది వేరే సంగతి.)

2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 32వ సెక్షన్‌లో కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్ అని పరిమిత లైసెన్సు రాశారు. ప్రాథమిక, నివారణ వైద్యంలో నిర్దేశించిన మందులు సొంతంగా, మిగతావి డాక్టరు పర్యవేక్షణలో. ఎంఎల్‌హెచ్‌పీ పోస్టును దాంతో కలిపెయ్యకండి. అర్హత లేకుండా వైద్యం చేస్తే 34వ సెక్షన్‌లో ఏడాది వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. నోటిమాటగా "ఇచ్చెయ్యమ్మా" అనే అధికారి ఆ రోజు పక్కన ఉండడు.

పెందుర్తి_నర్సింగ్‌ట్యూటర్:
అసలు నైతిక ప్రశ్న అదేనండీ. బ్రిటన్‌లో నర్సులు మందులు రాసేందుకు 1992లో చట్టం చేశారు, మొదట చిన్న జాబితాతో మొదలుపెట్టారు. 2006కి గానీ తమకు పట్టున్న పరిధిలో దాదాపు అన్ని మందులూ రాసే అధికారం రాలేదు. అదీ విడిగా కోర్సు చేసిన నర్సులకే. మన దగ్గర వరస తిరగబడుతుంది. ముందు పని, తర్వాత శిక్షణ, చట్టం ఎప్పుడో. ఇన్సెంటివును టార్గెట్లకు కడితే ఇంకో జబ్బు. అదుపులో ఉన్న బీపీలు ఎక్కువ చూపించాలి కాబట్టి రిజిస్టరులో వరసగా 130/80, 120/80, 130/80. డిజిటల్ మెషిను అలా వరసగా సున్నాలే చూపించదు. పర్యవేక్షణకు వచ్చినవాళ్లు ముందు చివరి అంకెలు చూడాలి.

పద్మనాభం_పబ్లిక్‌హెల్త్:
సరే, కాగితం మీద పెడదాం. డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) సంతకంతో స్టాండింగ్ ఆర్డరు, అంటే ముందే రాసిచ్చిన ఆదేశం, ఒక్క పేజీ. 30 ఏళ్లు దాటినవాళ్లు, గర్భిణి కాదు, ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసక లేవు. రెండు వేర్వేరు రోజుల్లో 140/90 లేదా ఆపైన. అమ్లోడిపిన్ 5, ముప్పై మాత్రలే, అంతకు మించి లేదు. పీహెచ్‌సీ డాక్టరు వారంలోపు ఆ కేసు చూసి ఒప్పుకోవాలి లేదా ఆపాలి. నెలకు రాకపోతే ఆశా ఇంటికి వెళ్లాలి. అదుపు కాకపోతే ఇంకో బీపీ మందు, టెల్మిసార్టన్ 40 కలపాలి.

మహారాణిపేట_జనరల్‌మెడిసిన్:
ఆఖరి వాక్యం కొట్టెయ్యండి. వారంలోపు డాక్టరు చూసే షరతు ఉంటే అమ్లోడిపిన్ వరకు నాకు అభ్యంతరం లేదు. టెల్మిసార్టన్‌కు ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం రక్తపరీక్షలు కావాలి, మొదలెట్టాక రెండు మూడు వారాలకు మళ్లీ కావాలి. మన దగ్గర శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి పనికి వచ్చినవాళ్లున్నారు. అక్కడి కిడ్నీ జబ్బులో బీపీ, షుగరు లేకుండానే క్రియాటినిన్ పెరిగి ఉంటుంది. అలాంటి మనిషి ఎండలో పనిచేసి, ఒళ్లు నొప్పులకు ఊళ్లో డిగ్రీ లేని ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ పొడిపించుకుని, పైన విరేచనాలు పట్టుకుంటే టెల్మిసార్టన్ కిడ్నీని ఇంకా దెబ్బతీస్తుంది. కడుపుతో ఉన్నవాళ్లకు అసలే కూడదు, 30 దాటినవాళ్లూ కడుపుతో ఉంటారు.

పెందుర్తి_నర్సింగ్‌ట్యూటర్:
క్రియాటినిన్ శాంపిలు వారానికోసారి పీహెచ్‌సీ ల్యాబుకు పంపి, రిపోర్టు వచ్చాక డాక్టరు ఫోన్లో సరే అంటే?

మహారాణిపేట_జనరల్‌మెడిసిన్:
ఫోన్లో కాదు, ఈ-సంజీవనిలో రాతపూర్వకంగా. అప్పుడు రాసింది నేనవుతాను, ఇచ్చింది మీరవుతారు. దానికి కొత్త అధికారం అక్కర్లేదు, ఇప్పుడున్నదే చాలు. సిగ్నల్ సంగతి కలెక్టరేట్‌లో అడగండి.