ఫండ్ హౌసులో ఈఎస్‌జీ అనలిస్టు వేరేగా ఉండాలా?

బెజవాడ_మదుపరి: మా తమ్ముడు ముంబైలో ఒక ఫండ్ హౌసులో ఫార్మా అనలిస్టు. పర్యావరణం, సామాజిక బాధ్యత, పాలన చూసే ఈఎస్‌జీ టీములోకి రమ్మంటున్నారు. ఆ టీములు ఎక్కువ కాలం నిలవవని కొందరి మాట. అసలు ఆ పనికి వేరే మనిషి కావాలా?

ఎక్సెల్_వీరుడు: అక్కర్లేదండీ. పెద్ద లిస్టెడ్ కంపెనీలు బాధ్యత, సుస్థిరతల మీద ఏటా ఇచ్చే బీఆర్‌ఎస్‌ఆర్ నివేదికలో జీరో లిక్విడ్ డిశ్చార్జ్ (వ్యర్థ జలం చుక్క కూడా బయటకు వదలకపోవడం) అమలు చేస్తున్నారా అని ఓ ప్రశ్న ఉంటుంది. కంపెనీ "అవును" అని రాస్తుంది, ఈఎస్‌జీ డెస్కు మార్కులేస్తుంది. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీలు తిరిగిన ఫార్మా అనలిస్టు అక్కడితో వదలడు. ఉత్పత్తి పెంచారు సరే, శుద్ధి ప్లాంటు పెంచారా? కాలుష్య మండలి మూసేయమంటే లాభంలో ఎంత పోతుంది? ఇవి అడుగుతాడు.

గోదారి_గాలి: అడుగుతాడు, తీరికుంటే! ఫలితాల సీజన్లో కంపెనీల కాన్‌కాల్స్ (ఫోన్ సమావేశాలు) వినడంతోనే సరిపోతుంది. పైగా బోనస్ వచ్చేది షేరు పెరిగితే గానీ మురుగు కనిపెడితే కాదు. 2022 ఏప్రిల్ నుంచి ఫండ్లు తాము షేర్లు కొన్న కంపెనీల అన్ని తీర్మానాల మీదా ఓటేయాల్సిందేనని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ అంది. 2023 జులైలో ఈఎస్‌జీ పథకాలు ఓటు కారణాలు చెప్పాలని, కనీసం 65 శాతం సొమ్ము బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ (ఆ నివేదికలోని ముఖ్య అంశాలు) ధ్రువీకరణ ఉన్న కంపెనీల్లోనే పెట్టాలని కూడా తగిలించింది. ఇదంతా ఎవరు చేస్తారు?

ఎక్సెల్_వీరుడు: అంటే కంప్లయన్స్ గుమస్తా అన్నమాట. నోరు విప్పితే అదీ ఉండదు. జర్మనీ ఫండ్ సంస్థ డీడబ్ల్యూఎస్‌లో సస్టెయినబిలిటీ చీఫ్‌గా ఉన్న డెసిరే ఫిక్స్‌లర్‌ను 2021లో పంపేశారు. సంస్థ చెప్పుకునేదొకటి, చేసేదొకటి అని ఆమె బయటపెట్టింది.

గోదారి_గాలి: మిగతా సగం మింగేశారే! 2022 మే చివర్లో ఆఫీసులో పోలీసు సోదాలు, ఆ వెంటనే సీఈఓ నిష్క్రమణ, 2023లో ఈఎస్‌జీ కేసుకే అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి 1.9 కోట్ల డాలర్ల జరిమానా. అలాంటి మనిషి మాట వింటే చవగ్గా పోయేది.

పాత_డీలర్: ఇద్దరూ హోదా గురించే కొట్టుకుంటున్నారు. నేను రెండు రకాల టీములూ చూశాను. ఆ మనిషి అభ్యంతరం చెబితే కొనుగోలు ఆగుతుందా అన్నదే నా లెక్క. రిపోర్టింగ్ సీఐఓకైతే (పెట్టుబడుల పెద్దకైతే) కొంత బలం ఉంటుంది. సేల్స్ వైపైతే బ్రోషర్లు రాసుకోవడమే. చేరేముందు ఒక్కటి అడగమనండి: ఏడాదిలో ఈ టీము వద్దన్నందుకు కొనకుండా ఆగిన షేరు ఒక్కటైనా ఉందా? పేరు చెప్పనక్కర్లేదు. తడుముకుంటే ఫార్మాలోనే ఉండమనండి, ఆ ప్రశ్నలు అక్కడా అడగొచ్చు.

బెజవాడ_మదుపరి: రిపోర్టింగ్ ప్రొడక్ట్ హెడ్‌కట. సోమవారం మాట్లాడతాడు, షేరు సంగతి అడిగిస్తాను.