పాఠం సగం కూడా పూర్తి కావడం లేదు, ఏది తీసేయాలి?

బెజవాడ సండేస్కూల్ టీచర్:
అందరికీ వందనాలు. మా సంఘం నుంచి వచ్చే నెల మిషన్ యాత్రకు వెళ్తున్నాం. పల్లెలో పిల్లలకు ఐదు రోజులు పాఠాలు చెప్పే బాధ్యత నాకు అప్పగించారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చున్నదాన్ని, రాత్రి పదకొండు దాటింది, మొదటి రోజు పాఠమే ఒక కొలిక్కి రాలేదు. మా వేసవి వి.బి.ఎస్. (సెలవుల బైబిల్ బడి) పుస్తకాన్నే ముందు పెట్టుకున్నాను. పాట, కంఠత వాక్యం, కథ, ప్రశ్నలు, రంగుల పని. ఇక్కడైతే నలభై నిమిషాల్లో అయిపోతుంది. అక్కడ ప్రతి మాటనూ ఒకరు అనువదించాలి కదా, మా తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి అలాగే చెప్పి చూశాను. కథ దగ్గరే అరగంట గడిచిపోయింది. వాక్యం తీసేస్తే మా పాస్టరు అయ్యగారు ఒప్పుకోరు. రంగుల పని తీసేస్తే పిల్లలు కుదురుగా కూర్చోరు. పాటలు తీసేస్తే బడిలా ఉంటుంది. దేన్ని తీసేయాలి? ఇదివరకు వెళ్లినవారు చెప్పండి. ప్రార్థన చేయమని మాత్రమే రాయకండి, అది చేస్తూనే ఉన్నాను.

ఒంటిమాట:
ఏ దేశం? ఏ వయసు పిల్లలు? ఏ భాష?

పాత సేవకుడు:
సహోదరీ, మీ ఉత్సాహం మంచిదే. కానీ పది రోజులు వెళ్లి వచ్చేదాన్ని మిషన్ అనడం నాకు మింగుడుపడదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు, జీవితంలో ఎక్కువ కాలం ఇక్కడే గడిపారు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం తానే కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి పని చూపించారు. మిషన్ అంటే అది. మీరు వెళ్లేది సహవాస పర్యటన. అలా అనుకుని వెళ్తే చాలా భారం దిగిపోతుంది.

కర్నూలు అన్న:
పెద్దాయన గారూ, ఆమె తనను మిషనరీ అని చెప్పుకోలేదు. మా సంఘాల్లో అందరూ మిషన్ యాత్ర అనే అంటారు. అడిగింది పాఠం గురించి.

పాత సేవకుడు:
పేరును బట్టే పని ఉంటుంది బాబూ. మిషన్ అనుకున్నవాడు ఐదు రోజుల్లో అంతా చెప్పేయాలనుకుంటాడు. ఆమెకు వచ్చిన ఇబ్బంది కూడా అదే కదా.

బెజవాడ సండేస్కూల్ టీచర్:
నేపాల్. మక్వాన్‌పూర్ జిల్లాలో కొండ మీద ఊరు. దాదాపు అందరూ తమాంగ్ అనే కొండజాతి కుటుంబాల పిల్లలు, వాళ్లకు సొంత భాష ఉంది. నాలుగేళ్లవారి నుంచి పద్నాలుగేళ్లవారి దాకా ఒకేచోట కూర్చుంటారు. నేను హిందీలో చెబితే అక్కడి సంఘంలోని సండేస్కూల్ టీచర్ నేపాలీలో చెబుతారు. బడి గేటు దగ్గర పంచడానికి యేసు జీవితం మీద బొమ్మల పుస్తకాలు హిందీలో అచ్చు వేయించాం. సరిహద్దులోని రక్సౌల్ వరకు రైలు టికెట్లు కూడా తీసుకున్నాం. వీటికీ నా ప్రశ్నకూ సంబంధం ఏమిటో నాకు అర్థం కావడం లేదు. నాకు చాలనిది సమయం.

గోరఖ్‌పూర్ దారి:
సంబంధం ఉంది అక్కా. చాలా ఉంది. ముందు ఆ పుస్తకాల సంగతి చూడండి. నేపాల్ 2015 రాజ్యాంగంలోని 26వ అధికరణం ఎవరి మతాన్ని వారు ఆచరించుకోవచ్చు అంటుంది, ఇతరుల మతం మార్చకూడదనీ అంటుంది. 2017లో చేసిన నేర సంహిత 2018 ఆగస్టు నుంచి అమలులో ఉంది. దాని 158వ సెక్షన్ ప్రకారం మతం మార్చినా, అందుకు ప్రయత్నించినా, ప్రోత్సహించినా ఐదేళ్ల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా. విదేశీయులైతే శిక్ష ముగిశాక ఏడు రోజుల్లో దేశం నుంచి పంపేస్తారు. మనకు అక్కడ వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు. అందుకే మనవాళ్లు అదీ మన దేశమే అన్నట్టు వెళ్తారు. చట్టానికి మాత్రం మనం విదేశీయులమే.

ఈ చట్టం రాకముందే, 2016లో, దోలఖా జిల్లా చరికోట్‌లో ఎనిమిది మంది క్రైస్తవులను అరెస్టు చేశారు. అంతకుముందు ఏడాది భూకంపంతో బెదిరిపోయిన పిల్లలకు ధైర్యం చెప్పే కార్యక్రమంలో యేసు కథ బొమ్మల పుస్తకం పంచారన్నది అభియోగం. డిసెంబరులో కోర్టు వారిని నిర్దోషులుగా వదిలేసింది. కానీ అన్ని నెలలు ఆ కుటుంబాలు ఏమైపోయాయో ఆలోచించండి. మీరు పట్టుకెళ్లాలనుకుంటున్నదీ అలాంటి పుస్తకమే, నిలబడాలనుకుంటున్నదీ బడి గేటు దగ్గర. మీరు రైలెక్కి వచ్చేస్తారు. ఆ ఊరి పాస్టరుగారు ఎక్కడికి వెళ్తారు?

కర్నూలు అన్న:
కథ చెప్పడం, పుస్తకం ఇవ్వడం మత మార్పిడి ఎలా అవుతుంది? ఎవరినీ బలవంతం చేయడం లేదు కదా.

గోరఖ్‌పూర్ దారి:
మీ దృష్టిలో కాదు, నా దృష్టిలోనూ కాదు. ఆ సెక్షన్ వర్తించడానికి బలవంతం ఉండనక్కర్లేదు అన్నా, ప్రోత్సహించడం చాలు. ఊళ్లో ఒక్కరు ఫిర్యాదు చేస్తే తేల్చేది పోలీసులు, ఆ తర్వాత కోర్టు.

కర్నూలు అన్న:
అలా అయితే అపొస్తలులు ఎక్కడికీ కదిలేవారు కారు.

గోరఖ్‌పూర్ దారి:
అపొస్తలులు తమ ప్రాణాన్ని పణంగా పెట్టారు. ఇక్కడ పణంగా పెడుతున్నది వేరేవారి పిల్లల తండ్రిని.

నెల్లూరు పెద్దక్క:
ఆ వాదన కాసేపు పక్కన పెట్టండి, అమ్మాయి రాత్రంతా కూర్చునేలా ఉంది. చూడమ్మా, తీసేయాల్సింది కథనూ కాదు, పాటనూ కాదు. అనువాదాన్ని తీసేయి. నువ్వు హిందీలో చెప్పి, ఆమె నేపాలీలో చెప్పేసరికి, ఇంట్లో తమాంగ్ భాష మాత్రమే వినే నాలుగేళ్ల పిల్లకు రెండూ అందవు. కథను ఆ టీచరే సూటిగా చెప్పాలి. చిన్నవాళ్ల కోసం తమాంగ్‌లో చెప్పాలా, నేపాలీలోనా అన్నది ఆమెకు తెలుస్తుంది. నువ్వు ఆమెకు సహాయకురాలివి. ఏ రోజు ఏ కథో ముందే ఫోనులో అనుకోండి.

మొదటి రోజుకు లూకా 15లో తప్పిపోయిన గొర్రె చాలు. కొండ పిల్లలు మేకల వెంట తిరిగేవాళ్లే, పొద్దుగూకే వేళకు ఒకటి తిరిగి రాకపోతే ఇంట్లో ఎంత గందరగోళమో వాళ్లకు నువ్వు వివరించనక్కర్లేదు. నూరు అక్కర్లేదు, పది గులకరాళ్లు చాప మీద పరిచి లెక్కపెట్టించు. ఏక్, దుయ్, తీన్, చార్ అని వాళ్లే అరుస్తారు. అందరినీ కళ్లు మూసుకోమని ఒకటి నీ చున్నీ కింద దాచు. మళ్లీ లెక్కపెట్టమను. తొమ్మిది దగ్గర గొంతులు ఆగిపోతాయి చూడు, టీచర్ కథ మొదలుపెట్టాల్సింది అప్పుడే. పన్నెండేళ్లవాళ్ల పక్కన చిన్నవాళ్లను ఒక్కొక్కరిని కూర్చోబెడితే పెద్దవాళ్లూ అల్లరి చేయరు. రాయి దొరికినప్పుడు పాట. ఆ పాట వాళ్లదే అయి ఉండాలి, మాదల్ (వాళ్ల డోలు) వాయించే కుర్రాడు సంఘంలో ఎవరో ఒకరు ఉంటారు. నువ్వు వాళ్ల దగ్గర నేర్చుకో. వాక్యం కావాలంటే 23వ కీర్తన మొదటి సగం, ఐదు రోజులూ అదే. రంగులు చివరి రోజుకు ఉంచు.

ఇంకొకటి. అక్కడ బడులు పదింటి నుంచి నాలుగింటి దాకా. ఆ తర్వాత పిల్లలకు గడ్డి కోసే పని, మేకల పని ఉంటాయి. గంట మించి ఉంచితే తల్లులకు కష్టం. సంఘ ఆరాధన ఆదివారం కాదు, శనివారం, సెలవు రోజు అదే కాబట్టి. నీ ఐదు రోజుల్లో శనివారం ఉండేలా చూసుకో. పలకరించేటప్పుడు సంఘంలో జయ్ మసీహ్ అంటారు, బయట నమస్తే చాలు.

పాలకొల్లు తమ్ముడు:
అక్కా, చాక్లెట్లు మాత్రం పట్టుకెళ్లకండి. వీటి గురించి ఎవరూ రాయడం లేదు. ఐదు రోజులు చాక్లెట్లు ఇచ్చి వచ్చేస్తే, తర్వాతి శనివారం చేతిలో ఏమీ లేకుండా చాప పరిచే ఆ టీచర్ దగ్గరికి ఎంత మంది వస్తారు? పైగా రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆశ చూపించారన్న మాట అక్కడి నుంచే మొదలవుతుంది. పిల్లల ఫొటోలు కూడా అంతే, ఊరి పేరుతో పెట్టకండి.

పాత సేవకుడు:
పెద్దక్క చెప్పింది బాగుంది. సహాయకురాలు అన్న మాట నాకు నచ్చింది. నేను మొదటి నుంచీ అంటున్నదీ అదే.

ఒంటిమాట:
పుస్తకాలు ఇంట్లో పెట్టండి.

బెజవాడ సండేస్కూల్ టీచర్:
టీచర్‌గారితో ఇప్పుడే ఫోనులో మాట్లాడాను. కథ తానే చెబుతానన్నారు, చిన్నవాళ్లకు తమాంగ్‌లోనే చెప్పాలట. పుస్తకాల గురించి అడిగితే కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత వద్దన్నారు. అవి ఇక్కడే ఉంచేస్తాం. వాక్యం ఒక్కటే చాలని అయ్యగారిని ఒప్పించాలి. అందరికీ వందనాలు, పడుకుంటాను.

మచిలీపట్నం యువజన సంఘం:
మేమూ డిసెంబరులో అటే వెళ్తున్నాం. సరిహద్దు దాటగానే ఉన్న బీర్‌గంజ్ నుంచి మక్వాన్‌పూర్ జిల్లాలోని హెటౌడాకు పొద్దున్నే బస్సు ఎన్ని గంటలకో ఎవరికైనా తెలుసా?