పచ్చబొట్టు పాతబడితే ఏమవుతుంది? అలుక్కుపోయిన అక్షరాలు, వెలిసిపోయిన రంగులు, మీ అనుభవాలు చెప్పండి

కూకట్‌పల్లి_పిల్ల
2017లో కుడి మణికట్టు లోపలివైపు "అమ్మ" అని వేయించుకున్నాను. బొటనవేలి గోరంత ఉండేది, సన్నటి గీతలు, చూసినవాళ్ళంతా ముద్దుగా ఉందన్నారు. ఇప్పుడు మ, దాని కింద వత్తు రెండూ కలిసిపోయి నల్లటి ముద్దలా అయింది, మొన్న ఆఫీసులో ఒకావిడ "పుట్టుమచ్చా అది?" అని అడిగింది. అమ్మ పోయి రెండేళ్ళు. అందుకని తీసేయించడానికి మనసు రావడం లేదు, అలాగని ఇలా చూడలేకపోతున్నాను. మా అమ్మమ్మ ముంజేతి మీద చుక్కలు ఆమె పోయేదాకా అలాగే ఉన్నాయి, నాది పదేళ్ళు కూడా కాకుండానే ఇలా ఎందుకయింది? ఏమైనా చేయొచ్చా?

సూది_విశాఖ
పన్నెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, మీలాంటివాళ్ళు నెలకు ఇద్దరు ముగ్గురైనా వస్తారు. చర్మంలో పైపొర ఎప్పటికప్పుడు రాలిపోతూ ఉంటుంది, అందుకే సిరా దాని కింద ఉన్న రెండో పొరలో, అంటే ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతులో పడాలి. అక్కడ మన ఒంట్లోని రక్షణ కణాలు ఆ సిరాను మింగి పట్టుకుని ఉంటాయి. ఆ కణం చనిపోతే సిరా బయటపడుతుంది, పక్కనున్న ఇంకో కణం దాన్ని మింగుతుంది. ఫ్రాన్స్‌లో మార్సెయ్ పరిశోధకులు 2018లో ఎలుకల మీద ఇదే చూపించారు. ఇలా ఏళ్ళ తరబడి చేతులు మారుతున్నప్పుడు కాస్త కాస్తగా పక్కకు జరుగుతుంది, దాంతో ఎవరు వేసినా ప్రతి గీతా లావెక్కుతుంది.

పైగా మన లిపి అంతా గుండ్రాలు, మూసుకున్న సున్నాలు, కింద వత్తులు. థలో చుక్క పూడిపోతే ధలా కనిపిస్తుంది, ఠలో చుక్క అయితే అసలు మిగలదు. తెలుగు అక్షరం ఎత్తు కనీసం అంగుళం ఉండాలి, అక్షరానికీ వత్తుకీ మధ్య అగ్గిపుల్ల పట్టేంత ఖాళీ ఉండాలి. చిన్నగా కావాలని పట్టుబడితే నేను వేయను, డబ్బులు పోయినా సరే.

ఇంకోటి, వేయించుకున్న కొద్ది రోజులకే గీత చుట్టూ నీలంగా మసకలాగా వచ్చిందంటే అది వయసు కాదు, సూది మరీ లోతుగా దిగింది. మణికట్టు లోపలివైపు చర్మం పల్చన కాబట్టి అక్కడ ఇది ఎక్కువ.

పాలకొల్లు_అన్న
అమ్మమ్మ చుక్కల సంగతి నేను చెప్తా చెల్లీ. మా నాయనమ్మకీ ఉండేవి, గడ్డం మీద ఒకటి, చేతి మీద తొమ్మిది. ఎరుకల ఆవిడ ఊరిలోకి వచ్చినప్పుడు దీపం మసీ ఆకు పసరూ కలిపి పొడిచిందని చెప్పేది. మసి నల్లనిదే కదా, మరి పచ్చబొట్టు అని పేరెందుకు వచ్చిందా అని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. నల్లటి మసి చర్మం అడుగున ఉంటే వెలుతురు చర్మంలో చెదిరి మన కంటికి ఆకుపచ్చగానో నీలంగానో కనిపిస్తుంది. అంటే పాతబడ్డాక ఏ రంగులో ఉంటుందో పేరులోనే ఉన్నట్టు నాకనిపిస్తుంది. ఆ చుక్కలు కూడా అలుక్కున్నాయి, మొదట్లో ఎంతుండేవో మనం చూడలేదు, అంతే. కానీ దూరం దూరంగా పెట్టారు కాబట్టి ఒకదాన్నొకటి తాకలేదు. ఒక్క నలుపు, లావు చుక్క, మధ్యలో ఖాళీ. ఇంతకంటే మన్నే డిజైన్ నేనైతే చూడలేదు.

బండిమీదే_రోజంతా
నేను మెడికల్ రెప్‌ని, విజయవాడలో పొద్దున్నించి సాయంత్రం దాకా బండి మీదే ఉంటాను. ఒకే రోజు ఒకే మనిషి దగ్గర రెండు వేయించుకున్నా, ముంజేయి మీద పసుపు, ఎరుపు రంగులతో సింహం, భుజం మీద చొక్కా కింద దాగేలా చక్రం. మూడు ఎండాకాలాలు తిరిగేసరికి సింహం జూలులో పసుపు దాదాపు కనిపించడం లేదు, ఎరుపు ఇటుక రంగుకి దిగింది. చక్రం మాత్రం నిన్న వేసినట్టుంది. ఎండ తప్ప రెండింటికీ తేడా లేదు. ఇప్పుడు బండి ఎక్కితే చేతులకి స్లీవ్స్ తప్పనిసరి, స్లీవ్స్ లేకపోతే ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్, అదీ రెండు గంటలకోసారి. పొద్దున ఒకసారి రాసి వదిలేస్తే చెమటకే పోతుంది.

కర్నూలు_సిస్టర్
స్కిన్ వార్డులో పనిచేస్తాను, నాలుగు మాటలు చెప్పాలి. కొత్తగా వేయించుకున్నది పచ్చి గాయం. దాని మీద పసుపు పెట్టకండి, ఇంట్లో పెద్దవాళ్ళు ప్రేమగానే చెప్తారు కానీ వద్దు. సబ్బు నీళ్ళతో మెల్లగా కడిగి, తడి అద్ది, వాసన లేని క్రీమ్ పల్చగా రాస్తే చాలు. పొట్టు కట్టాక దురద పుడుతుంది, గోకి పీకితే అక్కడ రంగు ఊడి తెల్లగా ఖాళీ మిగులుతుంది. మానేదాకా, అంటే రెండు నుంచి నాలుగు వారాలు, చెరువు ఈత, స్విమ్మింగ్ పూల్ వద్దు, సన్‌స్క్రీన్ కూడా మానిన తర్వాతే. షుగర్ ఉన్నవాళ్ళకి మానడం ఆలస్యం అవుతుంది, డాక్టర్ని అడిగి వెళ్ళండి.

ఎరుపు రంగు ఏళ్ళ తర్వాత కూడా ఉబ్బి దురద పెట్టొచ్చు, అలర్జీల్లో ఎక్కువ దానితోనే చూస్తాం. అది పాతబడటం అనుకుని ఇంట్లో ఉన్న ఏదో ట్యూబ్ రాసుకోకండి. చెవి కుట్టించుకున్నప్పుడు గడ్డలా లేచినవాళ్ళు పచ్చబొట్టు ఆలోచన మానుకుంటే మంచిది. జాతరలో ఒకే సూదితో వరసగా పొడిచేచోట అస్సలు కూర్చోకండి, హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ అలా అంటుకోవచ్చు. అలా పొడిపించుకుని భయంతో టెస్టులకి వచ్చిన పిల్లల్ని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

డల్లాస్_చిన్ని
ఇక్కడ చలికాలంలో నాది బూడిద రంగులోకి మారిపోతే టచప్‌కి అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నాను. వెళ్తే ఆ అమ్మాయి లోషన్ రాసి చూపించింది, చర్మం ఎండిపోయిందంతే, నలుపు బాగానే ఉంది! అప్పట్నుంచి స్నానం కాగానే తడి మీదే రాస్తున్నా. వేలి మీద వేయించుకున్న ఉంగరం మాత్రం రెండేళ్ళలో సగం పోయింది, వేళ్ళకి, అరికాళ్ళకి వద్దు, రాపిడికి నిలవదు.

పాలకొల్లు_అన్న
టచప్ అంటే గుర్తొచ్చింది, అలుక్కుపోయిన అక్షరం మీద మళ్ళీ గీయిస్తే ఇంకా లావవుతుంది కదా? మా తమ్ముడికి అలాగే చేసి పాడు చేశారు.

సూది_విశాఖ
నిజమే అన్నా. వెలిసిపోయిన గీతకి టచప్ పనికొస్తుంది, అలుక్కుపోయినదానికి పనికిరాదు. కూకట్‌పల్లి గారికి రెండు దారులున్నాయి. ఒకటి, స్కిన్ డాక్టర్ దగ్గర లేజర్‌తో పలచబరిచి దాని మీద వేయించుకోవడం. నలుపు లేజర్‌కి బాగానే లొంగుతుంది, ఒక్కో సిట్టింగ్‌కి మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. మన చామనఛాయ ఒంటికి తెల్లమచ్చ పడే ప్రమాదం ఉంది, తొందరపడి పార్లర్లో చేయించకండి. రెండోది, ఆ ముద్దను అలాగే ఉంచి ఏ పువ్వు మధ్యలోకో కలిపేసి, అక్షరాలు కాస్త పైన ముంజేతి మీద కొత్తగా రాయించుకోవడం. నేనైతే రెండోదే చెప్తాను, పాతది పోదు, దాని చోటు దానికి ఉంటుంది.

కూకట్‌పల్లి_పిల్ల
అందరికీ చాలా థాంక్స్, ఇన్నాళ్ళూ నాదే ఏదో తప్పు అనుకున్నాను. అన్నయ్య చెప్పిన రెండో దారే నచ్చింది. అమ్మ రోజూ మల్లెలు పెట్టుకునేది, కానీ మల్లె రేకులు తెల్లనివి కదా, తెల్ల సిరా నిలుస్తుందా?

సూది_విశాఖ
నిలవదు, పసుపుపచ్చగా మారిపోతుంది. తెల్ల సిరా అక్కర్లేదు, మొగ్గల గుత్తి నల్ల గీతతో వేసి లోపల చర్మం రంగే వదిలేయమనండి. ఆ ముద్ద ఆకుల్లోకి కలిసిపోతుంది. గీతల మధ్య ఖాళీ మర్చిపోవద్దు.

కూకట్‌పల్లి_పిల్ల
సరే అన్నయ్యా. ఇందాకే స్కేలు పెట్టి పెన్నుతో ముంజేతి మీద అంగుళం ఎత్తున "అమ్మ" రాసి చూసుకున్నా, అక్షరానికీ వత్తుకీ మధ్య అగ్గిపుల్ల పట్టింది. ఎండలు తగ్గాక జులైలో వేయించుకుంటా, మానాక ఫోటో ఇక్కడే పెడతాను.