స్టెయిన్‌లెస్ రాడ్‌కి మర కోయడం ఎలా?

అన్నలూ, మిరప తోటకు మందు కొట్టే పవర్ స్ప్రేయర్‌కి బోల్టులు సొంతంగా లేత్ మీద చేస్తున్నాను. సైజు ఎం12 (12 మి.మీ. లావు), పిచ్ అంటే మరల మధ్య దూరం 1.75 మి.మీ. మైల్డ్ స్టీల్‌వి మందు నీళ్లకి తుప్పు పట్టిపోతున్నాయని 304 రకం స్టెయిన్‌లెస్ రాడ్ తెచ్చా. మర కోసే డై తిప్పుతుంటే సగంలోనే బిగుసుకుపోయి మర అంచులు చిరిగినట్టు లేస్తున్నాయి. కోసేకొద్దీ గట్టిపడే సరుకు కదా, అదే చిక్కు. డై బదులు లేత్ మీద ఒకే మొన ఉండే సింగిల్ పాయింట్ టూల్‌తో తక్కువ స్పీడ్‌లో కోస్తే శుభ్రంగా వస్తుందా? కటింగ్ ఆయిల్ ఏది వాడాలి? కొబ్బరినూనె చాలంటాడు మా మేస్త్రి, నాకైతే నమ్మకం లేదు.

నట్టు కూడా 304లోనే చేస్తే రెండూ పట్టేసుకుంటాయి, అందుకే ఇత్తడి అనుకుంటున్నా. దానికి 10.2 మి.మీ. డ్రిల్ కొట్టి, లోపలి మర కోసే ట్యాప్ దింపుతా, అది ఇబ్బంది లేదు. కానీ గంధకం మందు కొడితే ఇత్తడి ఎన్నాళ్లు ఆగుతుంది? వాడినవాళ్లు చెప్పండి.