మే నెలలో పిల్లల్ని కార్లో వేసుకుని విజయవాడ, గుంటూరు చుట్టాలిళ్లకు రావచ్చా?

మియాపూర్_గుంటూరోడు
అందరికీ నమస్కారం. మే మూడో వారంలో పది రోజులు సెలవు పెట్టాను. తెల్లారి నాలుక్కి మియాపూర్‌లో బయల్దేరి, ముందు విజయవాడ కృష్ణలంకలో పిన్ని వాళ్లింట్లో రెండు రోజులు, తర్వాత గుంటూరులో అమ్మానాన్న, అన్నయ్య వాళ్ల దగ్గర ఐదారు రోజులు. మధ్యలో ఒక రోజు బాపట్లలో మేనత్త ఇల్లు, సాయంత్రం సూర్యలంక. పిల్లలకు తొమ్మిదేళ్లు, నాలుగేళ్లు. కారు ఎనిమిదేళ్లది, ఏసీ బానే ఉంది. మా ఆవిడేమో "ఆ ఎండల్లో పసిపిల్లాణ్ణి పెట్టుకుని ఇన్ని ఊళ్లు ఎందుకు, రైలెక్కి రెండు రోజులు చూసొద్దాం" అంటోంది. మా చిన్నప్పుడు సెలవులన్నీ ముంజలు జుర్రుకుంటూ ఆ ఎండలోనే తిరిగాం కదా అంటాను నేను. అక్కడ ఉంటున్నవాళ్లు చెప్పండి.

పటమట_తాతయ్య
ఇది అడగాల్సిన ప్రశ్నేనా నాయనా? రండి.

అద్దంకి_రోడ్డు
ముందు విజయవాడ దేనికి? నార్కట్‌పల్లి దగ్గర కుడికి తిరగండి. మిర్యాలగూడ, దాచేపల్లి, పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా నేరుగా గుంటూరు. దూరం తగ్గుతుంది, లారీలు తక్కువ. విజయవాడ చివర్లో పెట్టుకుని ఆ హైవే మీద తిరిగి వెళ్లండి.

బ్రాడీపేట_4వ_లైను
రావద్దు. చెడ్డగా చెబుతున్నానని అనుకోవద్దు, ఇక్కడే ఉంటున్నాను కాబట్టి చెబుతున్నా. హైదరాబాదు ఎండ వేరు, మా ఎండ వేరు. మీ ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, రాత్రి పదయ్యేసరికి కాస్త గాలి ఆడుతుంది. ఇక్కడ రాత్రి రెండింటికి లేచినా దిండు తడిసే ఉంటుంది. పగలు 42, 43 ఉన్నా ఓర్చుకోవచ్చు, ఆ చెమట ఆరకపోవడం ఉంది చూశారూ, పిల్లలు తట్టుకోలేరు. నెలాఖరుకు రోహిణి కార్తె కూడా వస్తుంది. రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు పెద్దలు.

కృష్ణలంక_కుర్రోడు
మా ఊరికి బ్లేజ్‌వాడ అనే పేరే ఉంది. అయినా బతుకుతున్నాం అక్కా.

ఆటోనగర్_మెకానిక్
ఎండ సంగతి తర్వాత. టైర్లు ఎప్పటివి? టైరు పక్కన కోడిగుడ్డు ఆకారంలో చిన్న గడి ఉంటుంది, అందులో నాలుగంకెలు. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. "అరగలేదు కదన్నా" అంటూ పాత టైర్లతోనే మేలో హైవే ఎక్కేస్తారు. రబ్బరు ఎండిపోయి ఉంటుంది, పైకి కనపడదు. గాలి తెల్లారి బండి కదలకముందే చూపించాలి. కొందరు సూర్యాపేటలో టీకి ఆగి, వేడి మీద గాలి ఎక్కువ చూపిస్తోందని దింపేస్తారు. అదే కొంప ముంచేది. గాలి తగ్గితే టైరు ఇంకా వేడెక్కుతుంది. ఇంకోటి, నిద్రపోతున్నాడు కదా అని పిల్లాణ్ణి బండిలో ఉంచి అద్దాలెత్తి పోవద్దు. పది నిమిషాల్లో లోపల పది డిగ్రీలు పెరుగుతుంది.

అద్దంకి_రోడ్డు
మెకానిక్ గారూ, మీరు కూడా సూర్యాపేట అనే అంటున్నారు. సూర్యాపేట దాకా ఎందుకు వెళ్లాలి? నార్కట్‌పల్లి దగ్గరే తిరిగితే ఆ గొడవ లేదు.

కృష్ణలంక_కుర్రోడు
బాబాయ్, దాచేపల్లి, పిడుగురాళ్ల అంటే సున్నపురాయి నేల. ఆ పక్కనే రెంటచింతల. రాష్ట్రంలో ఎండలు అనగానే ముందు వినపడే పేరు. మేలో నాలుగేళ్ల పిల్లాణ్ణి ఆ బట్టీల మధ్య నుంచి తీసుకురమ్మంటారా?

అద్దంకి_రోడ్డు
కార్లో ఏసీ ఉందన్నారుగా. తెల్లారి నాలుక్కి బయల్దేరితే తొమ్మిదింటికి గుంటూరులో టిఫిన్. రెంటచింతలలో దిగి క్రికెట్ ఆడమనలేదు. సంక్రాంతికి పోలీసులే గుంటూరు బండ్లను ఈ రోడ్డు మీదకు పంపుతున్నారు, మీకేమిటి బాధ?

కృష్ణలంక_కుర్రోడు
టోలు బాధ. 2025 ఆగస్టు 15 నుంచి ఏడాది పాసు వచ్చింది, అప్పుడు 3,000 రూపాయలు, 200 ట్రిప్పులు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు మూడింటికీ పనిచేస్తుంది, జాతీయ రహదారి కాబట్టి. మీ అద్దంకి రోడ్డు రాష్ట్రానిది. అక్కడి మాడ్గులపల్లి టోల్‌గేటులో పాసు చూపిస్తే నవ్వుతారు.

అద్దంకి_రోడ్డు
ఆయన దగ్గర పాసు ఉందని ఎక్కడ చెప్పాడు?

మియాపూర్_గుంటూరోడు
పాసు లేదండి. అయినా నేను అడిగింది రావచ్చా అని.

పటమట_తాతయ్య
నాయనా, కాస్త పెద్దగా రాస్తాను, విసుక్కోవద్దు. నాకు ఇద్దరబ్బాయిలు. ఒకడు కొండాపూర్‌లో, ఇంకొకడు పూణేలో. మనవళ్లు ముగ్గురు. ఏటా మార్చిలో ఫోన్ చేస్తే "పరీక్షలు", ఏప్రిల్లో "చూద్దాం నాన్నా", మేలో "అమ్మో, అక్కడి ఎండలకు పిల్లలు ఆగరు" అంటారు. సరే, ఎండే కదా అడ్డమని పోయినేడు పడకగదికి ఏసీ పెట్టించాను. మా ఇద్దరికీ అలవాటు లేదు, ఈవిడకు చలి గిట్టదు. ఆ రిమోటు అల్మారాలో ఉంది, దాని ప్లాస్టిక్ తొడుగు ఇంకా విప్పలేదు. ఏసీ పెట్టించానని చెబితే "కరెంటు పోతే?" అన్నాడు పెద్దవాడు. ఇన్వర్టర్ పెట్టిస్తే ఇంకేం అంటాడో. మీ ఆవిడకు ఇది చూపించండి. ఎండ అనేది ఒక వంక.

బ్రాడీపేట_4వ_లైను
వంక కాదు తాతగారూ. 2015 మేలో మన రెండు రాష్ట్రాల్లోనే వెయ్యి మందికి పైగా వడదెబ్బకు పోయారు. అది వంకా? పిల్లలకు వాంతులైతే పరిగెత్తేది ఎవరు? ఓఆర్ఎస్ అని షాపులో తియ్యటి డబ్బా కొనిపెడతారు. మామూలు పళ్లరసాలకు ఆ పేరు తగిలించొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పేదాకా ఎవరికీ తెలియదు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. అది కలపడానికి కూడా ఎవరో ఒకరు వంటింట్లోకి వెళ్లాలి.

తెనాలి_ఆంధ్రాపారిస్
సంక్రాంతికి రండి బ్రదర్. హాయిగా ఉంటుంది.

కృష్ణలంక_కుర్రోడు
సంక్రాంతికి బయల్దేరితే భోగి పంతంగి టోల్‌గేటు దగ్గరే.

అద్దంకి_రోడ్డు
అందుకే నార్కట్‌పల్లి

పటమట_తాతయ్య
పంతంగి నార్కట్‌పల్లికి ముందే వస్తుంది బాబూ. ఎటు తిరిగినా అది తప్పదు.

అద్దంకి_రోడ్డు
ఒక్కటే తప్పదు. మిగతా రెండూ తప్పుతాయి.

పటమట_తాతయ్య
బ్రాడీపేట అమ్మాయీ, నువ్వు మొదటినుంచీ రావద్దనే అంటున్నావు. ఆయన మీ ఇంటికి వస్తానన్నాడా? కన్నవాళ్ల దగ్గరకు పిల్లలు వస్తామంటే మధ్యలో నీకెందుకు అంత కష్టం? మా రోజుల్లో వేసవి వస్తే ఇంటినిండా ఇరవై మంది. ఎవరూ ఇలా లెక్కలు చెప్పలేదు.

బ్రాడీపేట_4వ_లైను
మీ రోజుల్లో ఆ ఇరవై మందికి వండింది మీరా తాతగారూ?

అడిగారు కాబట్టి చెబుతాను. ఏసీ గదిలో ఉంటుంది, వంటింట్లో ఉండదు. పోయిన మేలో మా ఇంటికి మూడు కార్లలో పదకొండు మంది దిగారు. పొద్దున ఇడ్లీ అంటే పిల్లలు దోసె అంటారు. మధ్యాహ్నం పప్పు, వేపుడు, పులుసు, అందులో పిల్లలకు కారం లేకుండా విడిగా. సాయంత్రమయ్యేసరికి గుంటూరొచ్చి మిర్చిబజ్జీ తినకుండా ఎలా అంటారు. ఫ్యాన్ వేస్తే స్టవ్ ఆరిపోతుంది. కొంగు తడిపి మెడకు చుట్టుకుని అట్లు పోశాను. హాల్లోంచి "వదినా, ఇంకో రెండు" అని కేక. గది తలుపు వేసే ఉంది, చల్లదనం పోతుందని.

ఆవకాయ కూడా అదే వారం. యాభై కాయ. కొట్టించుకొచ్చి, జీడి తీసి, పొర గీకి, ఒక్కో ముక్కా గుడ్డతో తుడిచింది నేను. ఆవపిండి, కారం, ఉప్పు, పప్పునూనె పోసి కలిపింది నేను. రెండ్రోజులు చేతులు మండాయి. వెళ్లేటప్పుడు కారుకో జాడీ. ఇంటికెళ్లి ఫొటో పెట్టారు, "అమ్మ చేతి ఆవకాయ" అని. మా అత్తగారు నాలుగేళ్లుగా కింద కూర్చోలేరు. ఆ చెయ్యి ఎవరిదో ఫొటోలో కనపడలేదు.

నవంబరులో ఆవిడకు కంటి శుక్లం ఆపరేషన్. ఎండ లేదు. వాన లేదు. పండగ రద్దీ లేదు. ఒక్క కారు రాలేదు. "వదినా, నువ్వున్నావుగా" అన్నారు ఫోన్లో. రోజుకు నాలుగుసార్లు చుక్కల మందు వేసి, తల వంచకుండా చూసుకుంటూ నెల గడిపాను. రావద్దని నేనంటున్నది మేలో. నవంబరులో రమ్మనండి, ఎవరు వద్దన్నారు?

తెనాలి_ఆంధ్రాపారిస్
🙏

కృష్ణలంక_కుర్రోడు
అక్కా, మరి పొద్దున్నుంచీ సముద్రమట్టం అంటారేంటి, ఇది ముందే చెప్పొచ్చుగా.

మియాపూర్_గుంటూరోడు
అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ పిల్లల ఆరోగ్యమని మొదలుపెట్టి చివరికి ఇది చెప్పారు. దూరంగా ఉన్నవాళ్లది కూడా కాస్త వినండి. పోయినేడు మేం వారం ఉన్నాం. వెళ్లే రోజు పొద్దున డైనింగ్ టేబుల్ మీద ఉప్పు డబ్బా కింద కరెంటు బిల్లు ఉంది. మామూలుగా బిల్లులు ఫ్రిజ్ మీద పెడతారు. మా వదిన ఒక్క మాట అనలేదు. నేను డబ్బులు తీయబోతే అన్నయ్య నొచ్చుకున్నాడు. నాన్న మందులకు నెలనెలా నేనే పంపుతాను, దాన్నెవరూ ఫొటో తీయరు. అమ్మకు ఒంట్లో బాగోకపోతే నాకు చెప్పేది మూడు రోజుల తర్వాత, "నువ్వు కంగారు పడతావని". చెబితే కదా వచ్చేది.

ఇది రాస్తుంటే ఇప్పుడు అనిపిస్తోంది. మా ఆవిడ రానంటున్నది ఎండకు కాదేమో. ఉప్పు డబ్బాకేమో.

ఆటోనగర్_మెకానిక్
ఒక అనుమానం. మీరిద్దరూ ఒకే ఇంటివాళ్లు కాదు కదా?

బ్రాడీపేట_4వ_లైను
కాదు. మా మరుదులు ఒకరు బెంగుళూరు, ఒకరు చెన్నై. బిల్లు ఉప్పు డబ్బా కింద పెట్టాలన్న ఆలోచన నాకు రాలేదు. వస్తే పెట్టేదాన్నే.

తమ్ముడూ, డబ్బు పంపుతావు, సంతోషం. మీ వదిన నీ దగ్గర అడిగింది డబ్బేనా? పదకొండు మందిలో ఒక్కరు వంటింట్లోకి వచ్చి "నువ్వు లే, నేను పోస్తాను" అని ఉంటే నాకు బిల్లు గుర్తుకు కూడా రాదు.

మియాపూర్_గుంటూరోడు
మా ఆవిడ వెళ్లిందండి. "నీకు మా స్టవ్ అలవాటు లేదు, నువ్వు కూర్చో" అంది వదిన. తర్వాత ఎవరితోనో ఫోన్లో "వచ్చి కూర్చుంటారు" అనడం మా ఆవిడ వింది.

బ్రాడీపేట_4వ_లైను
...నేనూ అలా అన్నాను. రెండు మాటలూ.

పటమట_తాతయ్య
అమ్మాయీ, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈవిడకు నీ పోస్టు చదివి వినిపించాను, కళ్లజోడు పెట్టుకుని మళ్లీ తనే చదువుకుంది. ఆ ఇరవై మంది రోజుల్లో సెలవులయ్యేదాకా తను పగలు నడుం వాల్చలేదట. నలభై ఆరేళ్లకు ఈరోజు చెప్పింది. ఏసీ పెట్టించింది కూడా పిల్లల కోసమే కదా అంది. నా దగ్గర జవాబు లేదు. అయినా పిల్లలు రావాలనే ఉంది నాకు.

అద్దంకి_రోడ్డు
అన్నీ బాగున్నాయి. చివరికి ఏ రోడ్డు?

మియాపూర్_గుంటూరోడు
ఈ చర్చంతా మా ఆవిడకు చదివి వినిపించాను. "అమ్మ చేతి ఆవకాయ" దగ్గర నవ్వింది, ఉప్పు డబ్బా దగ్గర నవ్వలేదు. గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌కు చూస్తే ఏసీ అంతా వెయిటింగ్ లిస్టు. బాపట్ల, సూర్యలంక ఈసారికి మానేశాం, మేనత్తకు నేనే సర్దిచెప్పుకోవాలి. గుంటూరులో నాలుగు రోజులే. సాయంత్రం టిఫిను పని నాది, నాకు ఉప్మా, గోధుమరవ్వ వచ్చు, బజ్జీలు బండి దగ్గర తెస్తాను. తేదీలు ఇంకా అనుకోలేదు. అన్నయ్యకు కాదు, ముందు వదినకు ఫోన్ చేస్తాను. ఏమని మొదలుపెట్టాలో తెలియడం లేదు.

బ్రాడీపేట_4వ_లైను
"వస్తున్నాం" అనకు. "ఎప్పుడు రమ్మంటావు వదినా" అను. మే అంటే మేలోనే వెళ్లు.

కృష్ణలంక_కుర్రోడు
మరి విజయవాడ పిన్ని?

మియాపూర్_గుంటూరోడు
పిన్నికి ఫోన్ చేశాను. "మీరొస్తారని ముంజలవాడికి కూడా చెప్పాను, రెండు రోజులు కాదు మూడు రోజులుండాలి" అంది. ఆవిడ ఒక్కతే వండుతుందని ఇంతకుముందు ఎప్పుడూ తట్టలేదు నాకు. ఇప్పుడు అక్కడ ఏం చేయాలో ఆలోచించాలి.

ఆటోనగర్_మెకానిక్
టైరు మీద అంకె చూశారా?

మియాపూర్_గుంటూరోడు
ఇప్పుడే కిందికెళ్లి చూశాను. నాలుగింటి మీదా 2118.

ఆటోనగర్_మెకానిక్
కారుతో వచ్చినవే అన్నమాట, ఎనిమిదేళ్లవి. మే అయినా నవంబరు అయినా వాటితో బయల్దేరొద్దు. స్టెప్నీ మీద ఎంతుందో చూసి పెట్టండి.