రాత్రికి రాత్రే మెట్లెక్కాలా, తెల్లారాక ఎక్కాలా? పెరటాసి పాదయాత్ర, చిరుత భయం

మాధవరం బ్యాచ్ (ప్రశ్న)
అందరికీ నమస్కారం. పెరటాసిలో (సెప్టెంబరు-అక్టోబరులో వచ్చే తమిళ నెల) మా బ్యాచ్ చెన్నై మాధవరం నుంచి తిరుమలకి నడుస్తుంది. రెడ్‌హిల్స్, పెరియపాళయం, ఊత్తుకోట, సురుటపల్లి, నారాయణవనం, పుత్తూరు మీదుగా మా దారి. ఎప్పుడూ చీకటి పడే వేళకి అలిపిరి చేరి, రాత్రే మెట్లెక్కేస్తాం. ఈసారి మాటామాటా వచ్చింది. 2023 ఆగస్టులో మెట్ల దారిలో నరసింహస్వామి గుడి దగ్గర ఆరేళ్ల పాపని చిరుత ఎత్తుకెళ్లి చంపింది కదా, అందుకని ఇంట్లో ఆడవాళ్లు రాత్రి నడక వద్దే వద్దంటున్నారు. పెద్దాయనలేమో ఇన్నేళ్లలో లేనిది ఇప్పుడెందుకు వస్తుందంటున్నారు. పిల్లలు కూడా వస్తామంటున్నారు. మీరైతే ఏం చేస్తారు? భక్తి మీద క్లాసు మాత్రం పీకొద్దు.

పాత నడక
మీ పెద్దాయనలు చెప్పేది ఉత్త మొండితనం కాదు. గుంపుగా గోవిందనామాలు చెప్పుకుంటూ పోతే ఆ చప్పుడుకి చిరుత తప్పుకునే పోతుంది. మనిషిని వెతుక్కుంటూ వచ్చే జంతువు కాదది. పగలు ఎక్కితే ఎండ. అంత దూరం నడిచి వచ్చి, పాదాలు బొబ్బలెక్కిన ముసలివాళ్లు మోకాళ్ల పర్వతం దగ్గర కూలబడతారు. ఎండకి కళ్లు తిరిగి పడినవాళ్లని చూశాను, చిరుత పట్టినవాళ్లని చూడలేదు.

కొళత్తూరు అమ్మ
మెట్ల దారికి చాలావరకు పైకప్పు ఉంది సార్, ఎండ సాకు అక్కడ చెల్లదు. ఇక గుంపు మాట. 3,550 మెట్ల మీద గుంపు ఎక్కడ నిలుస్తుంది? గాలిగోపురం దాకా అందరూ కలిసే ఉంటారు. ఆ తర్వాత కుర్రాళ్లు ముందు, కాళ్లు పట్టేసినవాళ్లు వెనక, మధ్యలో సోడా తాగుతూ నలుగురు. ఆ పాప కూడా ఒంటరిగా వెళ్లలేదు, అమ్మానాన్నలతోనే వెళ్లింది. మా వాడైతే మెట్లు లెక్కపెడుతూ చెయ్యి విదిలించుకుని ముందుకి ఉరుకుతాడు. వాణ్ణి రాత్రంతా పట్టుకు నడవడం నా వల్ల కాదు.

ఓఎంఆర్ కుర్రాడు
అలిపిరిలో కర్ర ఇచ్చారుగా, ఇంకేం టెన్షన్ :)

కొళత్తూరు అమ్మ
నవ్వులాటగా ఉందా బాబూ?

అడవి తోవ
కర్రని అందరూ ఎగతాళి చేశారు. 2023 సెప్టెంబరులో టీటీడీ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు మీమ్స్ కొదవ లేదు. చిరుతతో కర్రసాము చేయమని కాదు దాని అర్థం. చేతిలో కర్ర ఉన్న మనిషి నిటారుగా నడుస్తాడు, నేలకేసి కొడితే చప్పుడవుతుంది, ఎదురుపడితే వెన్ను చూపి పరిగెత్తాలన్న తొందర కాస్త తగ్గుతుంది. చిరుత ముందు పరిగెత్తకూడదు, వంగి కూర్చోకూడదు. కూర్చున్న మనిషి, చిన్న పిల్లాడు దాని కంటికి దుప్పి ఎత్తులోనే ఉంటారు. పిల్లలుంటే వెంటనే ఎత్తుకోవాలి, గట్టిగా అరవాలి, దాని మీద నుంచి చూపు తిప్పకుండా వెనక్కి జరగాలి. అంతవరకు కర్ర పనికొస్తుంది.

కానీ అసలు సంగతి కర్ర కాదు, వేళ. చిరుత సందె చీకటి నుంచి తెల్లారే దాకా వేటాడుతుంది. మీ బ్యాచ్ మెట్లెక్కే వేళ అదే. చిన్నపిల్లలని మధ్యాహ్నం 2 దాటాక పంపొద్దని ఆ ఘటన జరిగిన వెంటనే టీటీడీ నిర్ణయించింది అందుకే. గంటలు తర్వాత మారుతూ వచ్చాయి కాబట్టి బయలుదేరే ముందు ఓసారి కనుక్కోండి.

అది మెట్ల దాకా ఎందుకొస్తుందో కూడా చూడండి. మనం దుప్పికి దోసకాయ ముక్క పెడతాం, కోతికి అరటిపండు ఇస్తాం, తిన్న ఆకు పక్కకి విసిరేస్తాం. ఆకు కోసం కుక్కలు, అడవి పందులు వస్తాయి. వాటి కోసం అది వస్తుంది. జంతువులకి తిండి పెట్టొద్దని టీటీడీ అప్పుడే చెప్పింది. ఎవరు విన్నారు? ఆ ఏడాది జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆరు చిరుతలు బోనులో పడ్డాయి. ఖాళీ అయిన చోటికి ఇంకోటి వస్తుంది, ఆకులు ఉన్నంతకాలం.

ఓఎంఆర్ కుర్రాడు
సరే, జోకు పక్కన పెడతా. తిండి విషయం నిజం. మా అన్నయ్య అమెరికాలో రోజుల తరబడి నడిచే ట్రెయిల్స్‌కి వెళ్తుంటాడు. యోసెమిటీ అడవిలో రాత్రి ఉండాలంటే తిండి, ఆఖరికి టూత్‌పేస్ట్ కూడా, ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలో పెట్టాల్సిందే. రూల్ అంతే. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు మళ్లీ మళ్లీ వస్తుందని. మన దగ్గర పొట్లం కట్టి మరీ అమ్మేవారు జింకలకి పెట్టమని.

పాత నడక
అమెరికా సంగతి ఇక్కడెందుకు? రెండు వైపులా కంచె వేస్తే సరిపోదా?

అడవి తోవ
అన్నా, అది శేషాచలం. 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు, వేంకటేశ్వర నేషనల్ పార్క్ కూడా అక్కడే. దారికి అటూ ఇటూ ఒకే అడవి. మధ్యలో కొండ పొడుగునా గోడ కడితే జంతువులు నీళ్లకి ఎటు పోవాలి?

పాత నడక
జంతువులకి దారి అడుగుతావు, భక్తులకి అడగవు. కానీయ్.

తిరువొత్తియూర్ నర్సు
చిరుత గురించే ఇంత రాశారు, మాధవరం నుంచి తిరుపతి దాకా ఉన్న దారి గురించి ఎవరూ మాట్లాడలేదు. నా లెక్కలో అసలు ప్రమాదం అక్కడే. ఊత్తుకోట దాటాక పొలాల పక్కన దుప్పటి పరిచి పడుకుంటారు. కట్లపాము నిద్రలో ఉన్నవాళ్లనే కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. అది గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెడతారు! నేల మీద పడుకోకండి, తప్పకపోతే దోమతెర అంచులు చాప కింద దోపండి. చీకట్లో నడిస్తే టార్చి కాళ్ల ముందు వేయండి, రక్తపింజరి గడ్డిలో కదలకుండా ఉంటుంది. కరిస్తే కట్టు కట్టి బిగించొద్దు, కోయొద్దు, కదలనివ్వకుండా విరుగుడు ఇంజక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. కుక్క కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకా. "తిరుమల వెళ్లొచ్చాక చూద్దాం" అన్నవాళ్లని చూసి విసిగిపోయాను.

మాధవరం బ్యాచ్
అక్కా, ఇది మా గ్రూపులో పెడుతున్నాను. ఇంకో మాట. మా కుర్రాళ్లు కొందరు మామండూరు వైపు నుంచి అడవిలో పోయే పాత అన్నమయ్య బాటలో వెళ్దాం, జనం ఉండరు అంటున్నారు.

అడవి తోవ
జనం లేకపోవడమే అక్కడి సమస్య. అటువైపు ఏనుగులున్నాయి. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి తలకోన నడిచి వెళ్తున్న భక్తుల మీద అప్పటి అన్నమయ్య జిల్లా గుండాలకోన దగ్గర ఏనుగులు పడ్డాయి, ముగ్గురు పోయారు. చిరుతకి చెప్పినవన్నీ ఏనుగుకి తిరగబడతాయి. అరిస్తే, టార్చి మొహాన కొడితే మీదికొస్తుంది. నిలబడి బెదిరించడం ఉండదు, ముందే పసిగట్టి దూరంగా తప్పుకోవడం ఒక్కటే. అటవీ శాఖ అనుమతి లేకుండా ఆ దారి తొక్కొద్దు.

పాత నడక
ఈ విషయంలో తమ్ముడితో ఏకీభవిస్తాను. ఆ బాట వద్దు. మెట్ల దారిలో రాత్రి నడక మాత్రం నేను మానను, పిల్లలు లేని బ్యాచ్ అయితే.

మాధవరం బ్యాచ్
ఇంట్లో మాట్లాడాను. పిల్లలున్న కుటుంబాలు తిరుపతిలో రాత్రి ఉండి తెల్లారాక ఎక్కుతాయి. మా పెదనాన్న, ఇంకో నలుగురు సాయంత్రమే ఎక్కుతామని పట్టుబట్టారు. నచ్చజెప్పలేకపోయాను. వాళ్లలో చివర నడిచేవాడిని నేనే అవుతానని ఒప్పించాను, అంతే. తిరుపతిలో ఇరవైమందికి ఒక రాత్రికి చవకగా చోటెక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి.

కొళత్తూరు అమ్మ
రైల్వే స్టేషన్ దగ్గర టీటీడీ సత్రాలున్నాయి, విష్ణు నివాసం స్టేషన్ ఎదురుగానే, శ్రీనివాసం బస్టాండు ఎదురుగా. పెరటాసి శనివారాలు మాత్రం ఆశ పెట్టుకోకండి. పెదనాన్నగారితో ఇంకోసారి మాట్లాడి చూడండి.